ఒక్క టెన్సు చాలన్న మనిషి

ఫోటో ఫ్రేముల షాపు పైగది,
సోమవారం సాయంత్రం

ఆరా తీసే ఆడపడుచుకి,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వెలా ఉన్నావని అడగను. అడిగితే ఎందుకడిగావని అడుగుతావు.

ఫోను చేస్తే ఎత్తవు. ఎత్తినా "పక్క సీటు చెవులు ఇటే ఉన్నాయి వదినా, ఉత్తరం రాయి" అంటావు. సరే, రాస్తున్నాను. మీ అన్నయ్య నీకు ఆరా అని పేరు పెట్టి మంచి పని చేశాడు. చిన్నప్పుడు ఎవరైనా కానుక ఇచ్చినా ఎక్కడ కొన్నావు, ఎందుకు కొన్నావు అని ఆరా తీసేదానివట కదా.

నా క్లాసు సంగతి నీకు తెలిసిందే. కింద షాపులో అద్దం కోసే చప్పుడు, పైన నేను పెద్దవాళ్ళకి ఇంగ్లీషు చెప్పే చప్పుడు. మీ అన్నయ్య పోయాక నన్ను నిలబెట్టింది ఈ గదే. ఇంటి నుంచి ఆసుపత్రి వీధిలో పడి వస్తే ఇక్కడికి దగ్గరే గానీ, నేను ఇప్పటికీ చుట్టూ తిరిగే వస్తున్నాను. మొన్న పార్లరు అమ్మాయి "ఆసుపత్రి స్టాపులో బస్సు దిగాను మేడమ్" అంటూ ఇంగ్లీషులో వాక్యం చెబుతుంటే నా చేతిలో చాక్‌పీసు రెండు ముక్కలైంది. ఈ మధ్య నాసిరకం చాక్‌పీసులు వస్తున్నాయి.

అసలు సంగతి ఇది. ఆ రోజే ఒక కొత్త శిష్యుడు చేరాడు. ఇంచుమించు నా వయసే. ఇస్త్రీ చొక్కా, చర్మం దాకా కత్తిరించుకున్న గోళ్ళు. నడిస్తే చెప్పుల చప్పుడు వినపడదు. మెట్లెక్కి వచ్చి నా వెనకే నిలబడ్డా నాకు తెలియలేదు. తిరిగి చూసి ఉలిక్కిపడ్డాను. కూర్చోమంటే "పర్లేదండి, అలవాటే" అని గోడవార నిలబడ్డాడు.

"ఏం నేర్చుకోవాలి బాబూ?" అన్నాను.

"అన్ని టెన్సులూ వద్దండి. ఒక్కటి చాలు. రేపు ఫలానా వేళకి ఫలానావాళ్ళు ఒక పని చేస్తూ ఉంటారు అంటామే, అదేనండి."

ఫ్యూచర్ కంటిన్యుయస్! ఇన్నేళ్ళుగా గ్రామరు చెబుతున్నాను, దాన్ని కోరి వచ్చినవాణ్ణి చూడలేదు. టెన్సుల్లో అది సవతి బిడ్డ. పరీక్షలో రెండు మార్కులు రాలతాయని బట్టీ పట్టడమే తప్ప దాని మొహం ఎవరూ చూడరు. ముందు సింపుల్ ప్రెజెంట్ రావాలి కదా అన్నాను. "ఇప్పటి సంగతి ఎదురుగా కనపడుతూనే ఉంటుందండి, దాన్ని ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు" అన్నాడు.

ఎంత ముచ్చటైన జవాబో చూడు. నీకూ నవ్వొస్తుందని రాశాను.

నీ వదిన

*

ఆఫీసు, కిటికీ పక్క సీటు,
శుక్రవారం

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి రాలేదు.

నేను ఇన్సూరెన్స్ క్లెయిములు తనిఖీ చేసేదాన్ని. నాకు అనుమానానికే జీతమిస్తారు. ఇల్లు కాలిపోయిందని ఒకాయన వచ్చి ఏడుస్తుంటే మావాళ్ళంతా ఆయన కళ్ళు చూస్తారు, నేను చెప్పులు చూస్తాను. కాబట్టి కాస్త నా మాట చెవిన పెట్టు. ఇంగ్లీషు కావలసినవాడు ఇంగ్లీషంతా కావాలంటాడు. ఉద్యోగానికంటాడు, పిల్లల ముందు పరువుకంటాడు. ఒక్క టెన్సే కావాలన్నవాడికి కావలసింది ఇంగ్లీషు కాదు.

ఎవరు ఏ వేళకి ఏం చేస్తూ ఉంటారో ముందే తెలుసుకుని తిరిగేవాడు ఎవడు? మా ఫైళ్ళ నిండా వాళ్ళే. ఒకడు ఒక వీధిలో నెల పాటు గొడుగులు బాగుచేశాడు. ఏ ఇంటావిడ ఎప్పుడు స్నానం చేస్తూ ఉంటుందో, ఏ ముసలాయన ఎప్పుడు కునుకు తీస్తూ ఉంటాడో వాడికి కంఠతా వచ్చు. నెల తిరిగేసరికి వీధి వీధంతా మా ఆఫీసులో క్యూ కట్టింది. దొంగకి కావలసింది తాళంచెవి కాదు వదినా, వేళ.

అతని పని ఏమిటో అడిగావా? అడిగి ఉండవు. శిష్యుడు ఒక మంచి మాట అంటే చాలు, నువ్వు వెన్నలా కరిగిపోతావు. ఏం వాక్యాలు రాస్తున్నాడో, ఏం మాటలు అడుగుతున్నాడో ఒక్కటి కూడా వదలకుండా నాకు రాయి. నువ్వు ఒంటరిగా ఉంటావన్న సంగతి మాత్రం అతని చెవిన పడనివ్వకు.

ఇంకొకటి. వచ్చే నెల నన్ను చూడటానికి వస్తానన్నావు. రావద్దు. ఆఫీసులో ఆడిట్ ఉంది. నేను ఇంటి పట్టున ఉండను.

ఆరా

*

ఫోటో ఫ్రేముల షాపు పైగది,
బుధవారం

ఆరా,

నీ ఉత్తరం నా నిద్ర చెడగొట్టింది. ఇదివరకు ముచ్చటగా కనపడిన మనిషే ఇప్పుడు వేరేగా కనపడుతున్నాడు. నీ కళ్ళజోడు నాకు పెట్టేశావు.

అడగమన్నావు కదా, అడిగాను. నేరుగా అడగడానికి నోరు రాక, క్లాసులో అందర్నీ వాళ్ళ వాళ్ళ పని చెప్పమన్నాను. అతని వంతు వచ్చింది. కాసేపు నా మొహం వంక చూశాడు. నేనేం చేస్తానో అని చూస్తున్నట్టుంది ఆ చూపు. తర్వాత మెల్లగా "మనుషుల్ని చేరవేసే పనండి" అన్నాడు. ఎక్కణ్ణుంచి ఎక్కడికి అన్నాను. "బయట్నుంచి లోపలికి. మళ్ళీ బయటికి" అన్నాడు. మాట తప్పించి కిటికీలోంచి చూడటం మొదలెట్టాడు.

తర్వాత, రేపు ఈ వేళకి ఎవరు ఏం చేస్తూ ఉంటారో తలా ఒక వాక్యం చెప్పమన్నాను. పార్లరు అమ్మాయి "ఐ విల్ బి కటింగ్ హెయిర్" అంది. ఒకాయన బస్సు నడుపుతూ ఉంటానన్నాడు. ఇతను గోడవార నిలబడే, గొంతు తగ్గించి చెప్పాడు.

"యు విల్ బి స్లీపింగ్. ఐ విల్ బి స్టాండింగ్ నియర్ యువర్ హెడ్."

మీరు నిద్రపోతూ ఉంటారు, నేను మీ తల దగ్గర నిలబడి ఉంటాను. గ్రామరులో వంక పెట్టడానికి లేదు. కానీ పార్లరు అమ్మాయి తన కుర్చీ జరుపుకుంది. కింద అద్దం కోసే చప్పుడు అప్పుడే ఆగిపోయింది.

క్లాసయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగి ఇంకోటి అడిగాడు. "మీ ఉంగరాలు, చెవిపోగులు తీసి ఇచ్చేయండి అని ఇంగ్లీషులో మర్యాదగా ఎలా అనాలండి? భయపడకుండా ఇవ్వాలి."

నా చెయ్యి దానంతటదే చెవి మీదికి వెళ్ళింది. తర్వాత చెబుతానని పంపేశాను. చెప్పమంటావా?

నీ వదిన

*

ఆఫీసు,
సోమవారం

వదినా,

చెబుతావా? ఇంకా నన్నడుగుతున్నావా?

నగలు మర్యాదగా అడిగేవాడు, మనుషుల్ని చేరవేసేవాడు, వాళ్ళు నిద్రపోతుంటే తల దగ్గర నిలబడి ఉండేవాడు. ఇంకా ఏం కావాలి నీకు, పోలీసు ముద్ర కొట్టిన కాగితమా? వెంటనే క్లాసు మాన్పించు. ఒంటరిగా చెప్పకు. కింద ఫ్రేముల షాపతన్ని పక్కన పెట్టుకుని మెట్ల దగ్గరే చెప్పు. పైకి రానివ్వకు.

ఆ వాక్యం చదివిన దగ్గర్నుంచి నాకు తిండి సయించడం లేదు. నిద్రపోతున్న మనిషి తల దగ్గర ఎవరో నిలబడి ఉండటం కంటే ఘోరం ఉందా? చేతులూ కాళ్ళూ మనవి కావు. నోరు మనది కాదు. మన మీద ఏం జరుగుతూ ఉంటుందో మనకే తెలియదు. లేస్తామో లేదో తెలియదు. కళ్ళు మూస్తే నాకదే కనపడుతోంది వదినా.

మాన్పించానని రాసేదాకా నాకు మనశ్శాంతి లేదు.

ఆరా

*

ఫోటో ఫ్రేముల షాపు పైగది,
శనివారం

ఆరా,

మాన్పించాను. ఇక నువ్వు తిండి తిను.

షాపతను ఫ్రేముకి కోసిన పొడుగాటి చెక్క ఒకటి చేతిలో పట్టుకుని మెట్ల కింద నిలబడ్డాడు. దాంతో కొట్టడం అతని వల్ల అయ్యే పని కాదు, బల్లిని చూస్తేనే బల్ల ఎక్కుతాడు. అయినా చూపులకి బాగానే ఉన్నాడు. శిష్యుడు వచ్చాడు. "రేపట్నుంచి రావద్దండి, చోటు చాలడం లేదు" అన్నాను. పైన కుర్చీలు ఖాళీగా ఉన్న సంగతి అతనికీ తెలుసు.

అతను షాపతని చేతిలో చెక్క చూశాడు. నన్ను చూశాడు. కోప్పడతాడనుకున్నాను. "ఎందుకని అడగనండి. కానీ ఒక్క వాక్యం మిగిలిపోయింది. అదొక్కటి చెబితే వెళ్ళిపోతాను" అన్నాడు.

"ఇక్కడ నిలబడి పాఠాలు కుదరవు" అన్నాను. ఎంత కటువుగా అన్నానో నాకే వినపడింది. అతను తలూపి, వచ్చినట్టే చప్పుడు లేకుండా వెళ్ళిపోయాడు. షాపతను "దొంగ అయితే కనీసం ఓసారి వెనక్కి తిరిగి చూస్తాడు మేడమ్" అన్నాడు. ఆ మాట అప్పట్నుంచి ముల్లులా గుచ్చుకుంటోంది.

సరే, ఇప్పుడు నా వంతు. అనుమానించడం నేర్పింది నువ్వే కాబట్టి అనుభవించు. నీ కిందటి ఉత్తరం ఆఫీసు నుంచి అని రాశావు. కవరు మీద ముద్ర మా ఊరిది. మా ఊళ్ళో ఏం చేస్తున్నావు నువ్వు? వచ్చి, నా గడప తొక్కకుండా ఎందుకు వెళ్ళావు?

నీ వదిన

*

ఇల్లు,
మంగళవారం

వదినా,

మా ఆఫీసు మనిషి ఎవరో పని మీద మీ ఊరు వస్తుంటే ఉత్తరం చేతికిచ్చాను, తొందరగా అందుతుందని. అతను అక్కడ డబ్బాలో వేసి ఉంటాడు. దీనికి ఇంత రాద్ధాంతమా?

ముద్రలు చూడటం నేర్చుకున్నావు, సంతోషం. ఇక మీద మనుషుల్ని చూడటం కూడా నేర్చుకుంటే బాగుపడతావు. ఆ మనిషి మళ్ళీ వచ్చాడా?

ఆడిట్ ఇంకా అవలేదు. కొన్నాళ్ళు ఉత్తరాలు రాకపోతే కంగారు పడకు.

ఆరా

*

ఇల్లు,
ఆదివారం

ఆరా,

అతను మళ్ళీ రాలేదు. నేనిప్పుడు అతని గురించి రాయడం లేదు.

నీ ఆఫీసుకి ఫోను చేశాను. నీ పక్క సీటావిడే ఎత్తింది. నువ్వు చెప్పినంత చెడ్డదేం కాదు, గొంతు మెత్తగా ఉంది. ఆడిట్ ఎప్పుడో అయిపోయిందంది. నువ్వు సెలవులో ఉన్నావంది. ఎందుకని అడిగితే "మీకు తెలియదా అండీ?" అని, ఏదో తప్పు చేసినట్టు టక్కున పెట్టేసింది.

అప్పట్నుంచి నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. దొంగల గురించి పేజీలు నింపావు గానీ నీ గురించి ఒక్క ముక్క లేదు. నన్ను రావద్దన్నావు. తిండి సయించడం లేదన్నావు. కళ్ళు మూస్తే ఏదో కనపడుతోందన్నావు. ఇది శిష్యుడి మీద అనుమానం కాదు. ఇంకేదో ఉంది.

మీ అన్నయ్య తర్వాత నాకు మిగిలింది నువ్వొక్కదానివి. ఎక్కడున్నావు? ఏం దాస్తున్నావు? అబద్ధం రాసేటట్టయితే అసలు రాయకు.

వదిన

*

ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం,
మంగళవారం మధ్యాహ్నం

వదినా,

ఈ ఉత్తరం తెచ్చిన మనిషిని మెట్ల దగ్గర ఆపకు. పైకి రానిచ్చి కూర్చోబెట్టు. కూర్చోడులే, అలవాటు లేదు. మనుషుల్ని పడుకోబెట్టి తాను నిలబడే ఉద్యోగం అతనిది. ఇక్కడ ఆపరేషన్ థియేటర్లోకి స్ట్రెచర్ తోసేది అతనే.

అవును, నేను మీ ఊళ్ళోనే ఉన్నాను. నీ క్లాసుకి నాలుగు వీధుల అవతల. నాకు కడుపులో గడ్డ ఉంది. కిందటిసారి పరీక్షలకి వచ్చినప్పుడే ఆ ఉత్తరం ఇక్కడ డబ్బాలో వేశాను. గురువారం పొద్దున ఆపరేషన్. మంచి గడ్డో చెడ్డ గడ్డో తీశాక గానీ చెప్పలేమన్నారు. దీనికి ఇక్కడి కంటే మంచి డాక్టర్లు లేరట, లేకపోతే ఈ గేటు దాటేదాన్నే కాదు. నీకెందుకు చెప్పలేదంటావా? అన్నయ్యని లోపలికి తీసుకెళ్ళాక నువ్వు కూర్చున్న బెంచీ ఇంకా అక్కడే ఉంది. ఆ రోజు నుంచి నువ్వు ఈ వీధి మొహం చూడలేదు. నా కోసం నిన్ను మళ్ళీ ఆ బెంచీ మీద కూర్చోబెట్టలేననుకున్నాను. ఫోనులో అయితే గొంతు పట్టిచ్చేస్తుందని ఉత్తరాలే రాశాను. నీ కిందటి ఉత్తరం సంచీలో పెట్టుకునే వచ్చాను, జవాబు రాసే ధైర్యం రాలేదు.

ఈ పొద్దున అతను వార్డుకి వచ్చాడు. ఆపరేషన్ వరుసలో ఉన్నవాళ్ళ దగ్గరికి ముందే వచ్చి, ఆ రోజు ఏం జరుగుతూ ఉంటుందో చెప్పి వెళ్ళడం అతని పద్ధతి. చెయ్యమని ఎవరూ చెప్పలేదట. నా పక్క మంచం మీద ఒక విదేశీ ఆవిడ ఉంది. ఇంగ్లీషు తప్ప మరో ముక్క రాదు. తోడు ఎవరూ లేరు, రాత్రింబవళ్ళు వణుకుతూనే ఉంది. అతను ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడి, "యు విల్ బి స్లీపింగ్" అని మొదలుపెట్టాడు. గోళ్ళు చూశాను, చెప్పులు చూశాను. నువ్వు రాసిన మనిషే. రెండు వాక్యాలయ్యాక ఆగిపోయాడు. తర్వాతది రాలేదు. ఆవిడ అతని చెయ్యి పట్టుకుని ఇంకా చెప్పమన్నట్టు చూస్తోంది. అతను తల దించుకున్నాడు.

"ఏమైంది?" అని నేనే అడిగాను.

"నేర్చుకుంటూ ఉన్నానమ్మా. మధ్యలో టీచరుగారు రావద్దన్నారు."

నాకు మంచం కింద దూరాలనిపించింది. ఒక్క టెన్సే ఎందుకని అడిగాను. "లోపలికెళ్ళేవాళ్ళకి నొప్పంటే భయం కాదమ్మా. తాము తెలివిలో లేని ఆ కాసేపు ఏం జరుగుతూ ఉంటుందోనని భయం. అది ముందే చెప్పేస్తే సగం దిగిపోతుంది" అన్నాడు. వదినా, నా భయం నేను నీకే చెప్పుకోలేదు. అతనికెలా తెలుసు?

ఉంగరాలూ చెవిపోగులూ లోపలికి రానివ్వరు కాబట్టి తీసి మనవాళ్ళకి ఇచ్చేయాలట. అదీ అతను అడిగింది. "ఇంకో రోజు రానిచ్చి ఉంటే కట్టుడు పళ్ళ గురించి కూడా అడిగేవాణ్ణి. అప్పుడు టీచరుగారికి తెలిసిపోయేది" అని నవ్వాడు. ఆసుపత్రి అని ముందే చెప్పొచ్చు కదా అన్నాను. చేరిన రోజే పార్లరు అమ్మాయి ఆసుపత్రి పేరెత్తగానే నీ చేతిలో చాక్‌పీసు విరిగిందట, నీ మొహం మారిపోయిందట. అందుకని ఆ మాట నీ ముందు ఎత్తకూడదనుకున్నాడట. నువ్వేమో చాక్‌పీసులు నాసిరకం అని రాశావు.

తర్వాత నాకు చెప్పడం మొదలుపెట్టాడు, మన భాషలోనే. "మీరు నిద్రపోతూ ఉంటారమ్మా. డాక్టరుగారు పని చేస్తూ ఉంటారు. నర్సమ్మ మీ నాడి చూస్తూ ఉంటుంది. బయట బెంచీ మీద..." అని ఆగి, "బయట ఎవరు కూర్చుని ఉంటారమ్మా?" అన్నాడు.

అన్నీ ఆరా తీసేదాన్ని, ఆ ఒక్క ప్రశ్నకి జవాబు లేక గోడవైపు తిరిగి పడుకున్నాను. అతను ఆ వాక్యం ఎవరి దగ్గరా సగంలో వదిలిపెట్టడట. సాయంత్రం మళ్ళీ అడుగుతానన్నాడు.

నిన్ను రమ్మని అడగడం లేదు. ఆ బెంచీ సంగతి నాకు తెలుసు. కానీ అతనికి ఏం చెప్పమంటావు వదినా?

ఆరా

*

ఫ్రేముల షాపు మెట్లు,
మంగళవారం, ఇప్పుడే

ఆరా,

అతను నా ఎదురుగా నిలబడి ఉన్నాడు, జవాబు పట్టుకుపోతాడు. అందుకని పొట్టిగా రాస్తున్నాను. తిట్లు చాలా ఉన్నాయి. దాచిపెట్టాను, లేచాక ఇస్తాను.

క్షమించమన్నాను. "దానికేముందండి, ఆ వాక్యం చెప్పండి" అన్నాడు. మిగిలిపోయింది ఇదట: మీరు కళ్ళు తెరిచేసరికి నేను ఇక్కడే నిలబడి ఉంటాను. మెట్ల మీదే నేర్పించాను. "వెన్ యు ఓపెన్ యువర్ ఐస్, ఐ విల్ బి స్టాండింగ్ హియర్." షాపతనికి అప్పజెప్పమన్నాను. అతను పని ఆపి విన్నాడు. ఇంకా మళ్ళీ అద్దం కొయ్యడం మొదలెట్టలేదు. నీ పక్క మంచం ఆవిడకి ఈ సాయంత్రమే చెబుతాడు. తడబడితే అందించడానికి నేను పక్కన ఉంటాను. అవును, ఈ సాయంత్రమే వస్తున్నాను, చుట్టూ తిరక్కుండా, ఆసుపత్రి వీధిలోంచే.

ఆ బెంచీ అంటే నాకు భయం లేదని నేను రాస్తే నువ్వెలాగూ నమ్మవు. ఉంది. అయినా ఆ బెంచీ ఖాళీగా ఉందని తెలిసి నువ్వు నిద్రపోవడం కంటే నేను భయపడుతూ దాని మీద కూర్చోవడమే నయం.

గురువారం పొద్దున నువ్వు నిద్రపోతూ ఉంటావు. డాక్టరుగారు పని చేస్తూ ఉంటారు. నీ ఉంగరం, చెవిపోగులు నా చేతిసంచీలో ఉంటాయి. ఇతను నీ తల దగ్గర నిలబడి ఉంటాడు. నమ్మకం చాలకపోతే తలుపు తీసినప్పుడల్లా బయటికి చూసి నేనున్నానో లేదో నీ చెవిలో చెప్పమన్నాను. నువ్వు వినవని తెలుసు. అయినా చెబుతానన్నాడు.

సాయంత్రం అడిగితే, ఆగిపోయిన చోటి నుంచి మొదలుపెట్టమను. బయట ఎవరంటే, మా వదిన అని చెప్పు.

మరి ఉంటాను, ఆ బెంచీ మీదే.

నీ వదిన